కొరింథులో పౌలు స్నేహితుల్ని వెతుక్కుంటూ

గ్రీస్ నుంచి వచ్చాక చర్చిలో అందరూ అడిగేది ఏథెన్స్ గురించే, అరేయొపగు కొండ ఎక్కారా, పౌలు మాట్లాడిన చోట నిలబడ్డారా అని. ఎక్కాం, నిలబడ్డాం, ప్రార్థన కూడా చేసుకున్నాం. కానీ నన్ను ఇప్పటికీ వదలనిది కొరింథు, దానికి దగ్గర్లోనే సముద్రం ఒడ్డున ఉన్న కెంక్రేయ. ఎందుకో చెప్పాలంటే ముందు, యేసు సువార్త చెప్తూ ఊరూరా తిరిగిన పౌలు కొరింథుకి ఏ పరిస్థితిలో వచ్చాడో గుర్తు చేసుకోవాలి, మనం ఆ అధ్యాయాలు విడివిడిగా చదివేసి ఆ సంగతి మర్చిపోతాం.

ఫిలిప్పీలో బెత్తాలతో కొట్టి జైల్లో వేశారు. థెస్సలొనీకలో గొడవైతే సహోదరులు రాత్రికి రాత్రి పంపించేశారు. బెరయలో కాస్త బాగుంది అనుకునేసరికి అక్కడికీ వెతుక్కుంటూ వచ్చారు. ఏథెన్స్‌లో కొందరు నమ్మారు గానీ కొందరు మొహం మీదే అపహాస్యం చేశారు. తోటి పనివాళ్ళు సీల, తిమోతి ఇంకా మాసిదోనియ నుంచి రాలేదు. అంటే కొరింథు ఊళ్ళో అడుగుపెట్టినప్పుడు ఆయన ఒంటరి. ఆ రోజుల గురించి తర్వాత ఆయనే కొరింథు సంఘానికి రాశాడు, "బలహీనతతోను భయముతోను ఎంతో వణకుతోను మీయొద్ద నుంటిని" అని. ఈ వచనం చిన్నప్పట్నుంచి వింటూనే ఉన్నాను, ఏదో వినయంగా అన్న మాట అనుకున్నాను, ఆ దారిలో బస్సులో కూర్చుని మా పాస్టర్ అయ్యగారు ఈ ఊళ్ళ పేర్లన్నీ వరసగా చెప్తుంటే అది వినయం కాదు, నిజంగానే ఆ మనిషికి భయం వేసింది అని అర్థమైంది.

ఏథెన్స్ నుంచి కొరింథు సుమారు 80 కిలోమీటర్లు. మధ్యలో కాలువ దగ్గర ఆపుతారు, అందరూ వంతెన మీద ఫోటోలు దిగుతారు. ఇప్పుడున్న కాలువ 1893లో తెరిచారు, కానీ నీరో చక్రవర్తి క్రీ.శ. 67లోనే తవ్వడం మొదలుపెట్టాడట, గలిలయ యుద్ధంలో పట్టుబడ్డ 6000 మంది యూదు యువకుల్ని ఆ పనికి పంపారని ఆ కాలపు యూదు చరిత్రకారుడు జోసీఫస్ రాశాడు. యేసు ప్రభువు తిరిగిన గలిలయ కుర్రాళ్ళు ఈ రాళ్ళ మధ్య చాకిరీ చేశారు అనుకుంటే నాకు ఫోటో దిగాలనిపించలేదు.

పాత కొరింథుకి చేరాక మొదట కనపడేది గ్రీకుల దేవుడు అపొల్లో గుడి, ఏడు స్తంభాలు మిగిలాయి, వెనకాల ఆక్రోకొరింథు కొండ నిలువుగా లేచి ఉంటుంది. ఈ ఊరిని రోమావాళ్ళు క్రీ.పూ. 146లో నాశనం చేశారు, మళ్ళీ క్రీ.పూ. 44లో జూలియస్ సీజర్ కొత్తగా కట్టించి బానిసత్వం నుంచి విడుదలైనవాళ్ళని, ఇంకా ఎక్కడెక్కడివాళ్ళనో తెచ్చి పెట్టాడు. అంటే పౌలు వచ్చేనాటికి ఇది ఇంకా వందేళ్ళు కూడా నిండని ఊరు, రెండు వైపులా రేవులు, ఎటు చూసినా వలస వచ్చినవాళ్ళే. అలాంటి ఊళ్ళోనే పౌలుకి అకుల, అతని భార్య ప్రిస్కిల్ల దొరికారు. వాళ్ళూ తరిమేయబడ్డవాళ్ళే. అకుల సొంతూరు నల్ల సముద్రం ఒడ్డున పొంతు ప్రాంతం, కాపురం రోమాలో, అక్కడ క్లౌదియ చక్రవర్తి యూదులందరూ వెళ్ళిపోవాలని ఆజ్ఞ ఇస్తే సామాన్లు సర్దుకుని ఇక్కడికి వచ్చిపడ్డారు. ఆ ఆజ్ఞ క్రీ.శ. 49లో అని ఎక్కువమంది చెప్తారు. పౌలు వీళ్ళింటికి ఎందుకు వెళ్ళాడు అంటే అపొస్తలుల కార్యములు 18లో కారణం ఒక్కటే ఉంది, ఇద్దరిదీ ఒకే పని, డేరాలు కుట్టడం. అందుకని వాళ్ళతో కాపురం ఉన్నాడు, కలిసి పని చేశారు. ఇంతకంటే ఏమీ రాయలేదు ఆ పుస్తకం రాసిన లూకా.

గైడ్ మమ్మల్ని లెకాయొన్ రోడ్డు పక్కన, సంత చుట్టూ ఉన్న షాపుల శిథిలాల దగ్గరికి తీసుకెళ్ళింది. మా గ్రూప్‌లో రాజమండ్రి నుంచి వచ్చిన అంకుల్ ఒకాయన ఉన్నారు, డెబ్భై దాటాయి, జీవితమంతా లారీలకి టార్పాలిన్లు, ధాన్యం మీద కప్పే బరకాలు కుట్టారు. టూర్ మొత్తంలో ఎక్కువ మాట్లాడని మనిషి. ఆ షాపు గదుల దగ్గర మాత్రం ఆగిపోయారు. గోడ ఎంత ఉంది, గుమ్మం ఎటుంది, వెలుతురు ఎటు నుంచి వస్తుంది అని తిరిగి తిరిగి చూసి, "ఇది మన బజార్లో షట్టర్ గదంత కూడా లేదమ్మా, డేరా గుడ్డ ఇందులో పరిచి కత్తిరించలేరు, బయట రోడ్డు మీద పరవాల్సిందే" అన్నారు. ఆ తర్వాత అన్న మాట నేను అక్కడే ఫోన్‌లో రాసుకున్నాను. "పెద్ద గుడ్డ ఒక్కడు కుట్టలేడు. ఒకళ్ళు పట్టుకుని లాగి ఉంచాలి, ఒకళ్ళు కుట్టాలి. లేకపోతే కుట్టు వంకర పోద్ది. పట్టుకున్నోడు ఖాళీగా ఉంటాడు కాబట్టి మాట్లాడతా ఉంటాడు, కుట్టేవోడు వింటా ఉంటాడు."

అయ్యగారు కూడా ఆ మాటకి ఏమీ కలపలేదు, అందరం ఊరికే నిలబడ్డాం. పౌలు తార్సువాడు, ఆ ఊరున్న కిలికియ ప్రాంతం మేకవెంట్రుకల ముతక గుడ్డకి పేరు, ఇంకా తోలు డేరాలు, ఎండకి కట్టే గుడ్డ పందిళ్ళు కూడా ఆ కాలంలో కుట్టేవాళ్ళు, ఏదైనా వేళ్ళు కాయలు కట్టే పనే. ఊళ్ళో ఏడాదిన్నర ఉన్నాడు ఆయన. సీల తిమోతి వచ్చాక, మాసిదోనియ సహోదరులు సాయం పంపాక వాక్యం చెప్పడానికి ఎక్కువ టైం దొరికింది గానీ మొదట్లో సబ్బాతు సబ్బాతుకి, అంటే ప్రతి శనివారం, యూదుల సమాజమందిరంలో మాట్లాడేవాడు, మిగతా రోజులు సూదీ దారం. ఆ గదుల ముందు రోడ్డు మీద ముగ్గురూ గుడ్డ పరుచుకుని కూర్చుని ఎంత మాట్లాడుకుని ఉంటారు, రోమాలో పోగొట్టుకున్న ఇంటి గురించి, ఫిలిప్పీలో తిన్న దెబ్బల గురించి, ప్రభువు గురించి. అకుల, ప్రిస్కిల్ల అప్పటికే విశ్వాసులా, పౌలు ద్వారా నమ్మారా అనేది కూడా బైబిల్ చెప్పదు. పని చెప్పింది, ఇల్లు చెప్పింది. నాకైతే అందులోనే అంతా ఉందనిపించింది.

ఒక రాత్రి ప్రభువు పౌలుకి దర్శనంలో భయపడొద్దు, మాట్లాడు, నేను తోడున్నాను అని చెప్పి, "ఈ పట్టణములో నాకు బహు జనమున్నది" అన్నాడు. ధైర్యం చెప్పడానికి ప్రభువు మనుషుల్ని చూపించాడు. ఈ సంగతి నేను ఇన్నేళ్ళు చదివి కూడా గమనించలేదు.

అక్కణ్ణుంచి బేమా, అంటే న్యాయపీఠం. సంత మధ్యలో ఎత్తుగా కట్టిన రాతి వేదిక. గల్లియో ఈ ప్రాంతానికి రోమా అధిపతిగా ఉన్నప్పుడు యూదులు పౌలుని ఇక్కడికే లాక్కొచ్చారు, గల్లియో ఇది మీ ధర్మశాస్త్రం గొడవ నాకెందుకని పొమ్మన్నాడు. డెల్ఫీలో దొరికిన క్లౌదియ శాసనంలో ఈ గల్లియో పేరు ఉంది, అందుకే ఆయన ఇక్కడ ఉన్నది క్రీ.శ. 51–52 ప్రాంతం అని చెప్పగలుగుతున్నారు, పౌలు జీవితం మొత్తానికి తేదీలు లెక్కేసేది ఎక్కువగా దీని మీదే. అది పక్కన పెడితే నన్ను కదిలించింది సొస్తెనేసు. సమాజమందిరపు అధికారి, ఆ రోజు జనం ఇదే పీఠం ముందు ఆయన్ని పట్టుకుని కొట్టారు, గల్లియో పట్టించుకోలేదు. కొన్నేళ్ళకి సముద్రం అవతలి ఎఫెసు నుంచి పౌలు కొరింథీయులకి రాసిన మొదటి పత్రిక మొదటి వచనంలో "సహోదరుడైన సొస్తెనేసు" అని తన పేరు పక్కన ఒక పేరు పెట్టాడు. ఆ ఇద్దరూ ఒకరేనా అని ఖచ్చితంగా ఎవరూ చెప్పలేరు, చాలామంది అవునంటారు. అదే నిజమైతే ఆ రోజు దెబ్బలు తిన్న మనిషిని తర్వాత ఎవరు వెళ్ళి పలకరించారు, ఎవరింట్లో గాయాలు కడిగారు అని నాకు ఇప్పటికీ తెలుసుకోవాలని ఉంది.

మ్యూజియంలో "హెబ్రీయుల సమాజమందిరం" అని గ్రీకులో చెక్కిన విరిగిన రాయి ఉంది, పౌలు కాలం తర్వాతది అంటారు. థియేటర్ దగ్గర నేల రాళ్ళలో ఎరస్తు అనే అధికారి సొంత ఖర్చుతో రాళ్ళు పరిపించాడని లాటిన్ శాసనం ఉంది, 1929లో బయటపడింది. పౌలు రోమా సంఘానికి రాసిన పత్రిక చివర వచ్చే పట్టణపు ఖజానాదారుడు ఎరస్తు ఇతనే అని కొందరు, కాదని కొందరు.

మధ్యాహ్నం కెంక్రేయ వెళ్ళాం. కొరింథుకి తూర్పు రేవు ఇది, ఇప్పుడు చిన్న పల్లె. టికెట్ కౌంటర్ ఏమీ కనపడలేదు, రోడ్డు పక్కనే పాత రేవు గోడలు, ఒక పాత చర్చి పునాదులు సగం నీళ్ళలో మునిగి ఉన్నాయి, నీళ్ళు ఎంత తేటగా ఉన్నాయంటే అడుగున రాళ్ళ వరసలు కనపడుతున్నాయి. ఏడాదిన్నర తర్వాత పౌలు ఇక్కడే ఓడ ఎక్కాడు, ఒంటరిగా వచ్చినవాడు వెళ్ళేటప్పుడు ప్రిస్కిల్ల, అకులతో కలిసి వెళ్ళాడు. వాళ్ళు రోమాలో ఒకసారి ఇల్లు పోగొట్టుకుని ఇక్కడ మళ్ళీ నిలదొక్కుకున్నవాళ్ళు, ఆ పనీ ఆ ఇల్లూ వదిలేసి స్నేహితుడితో ఎఫెసు బయల్దేరారు. ఇంతకంటే పెద్ద సాక్ష్యం ఏముంటుంది?

ఫీబే ఊరు కూడా ఇదే, కెంక్రేయ సంఘ పరిచారకురాలు. పౌలు మళ్ళీ కొరింథు వచ్చినప్పుడు రాసిన రోమా పత్రికని ఆమే తీసుకెళ్ళిందని ఎక్కువమంది నమ్ముతారు. అందుకని అయ్యగారు రోమా 16 ఆ ఒడ్డున చదివిద్దామన్నారు. దుబాయ్‌లో నర్సుగా చేస్తున్న ఒక సిస్టర్ చదివింది. రోమా 8 మీద ఎన్ని ప్రసంగాలు విన్నానో లెక్క లేదు, 16 మీద ఒక్కటి కూడా విన్న గుర్తు లేదు, పేర్లే కదా అని దాటేస్తాం. ప్రిస్కిల్ల, అకుల, నా ప్రాణం కోసం తమ ప్రాణాలు ఇవ్వడానికి కూడా తెగించారు అంటాడు. మరియ, మీ కోసం చాలా ప్రయాసపడింది. త్రుఫైనా, త్రుఫోసా, పెర్సిసు. రూఫు వాళ్ళ అమ్మ, "ఆమె నాకును తల్లి". ఇక్కడికి వచ్చేసరికి చదివే సిస్టర్ గొంతు ఆగిపోయింది, దుబాయ్‌లో మొదటి ఏడాది ఆమెని ఇంట్లో పెట్టుకుని చూసుకున్న ఒక కేరళ ఆంటీ గుర్తొచ్చారట, బస్సులో చెప్పింది. మిగతా వచనాలు పక్కనున్న అక్క అందుకుని చదివింది. ఈ పత్రిక వ్రాసిన తెర్తియు అను నేను అని రాసిపెట్టిన మనిషి కూడా తన వందనం కలుపుతాడు, ఇల్లు ఇచ్చిన గాయియు వందనం చెప్తాడు. పౌలుకి తెలిసిన ఇంతమంది పేర్లు, ఒక్కొక్కళ్ళు ఏం చేశారో కూడా గుర్తుపెట్టుకున్నాడు.

తిరుగు దారిలో అపొల్లో అనే బోధకుడి గురించి మాట్లాడుకున్నాం, గుడి ఉన్న దేవుడు కాదు. ఎఫెసులో ఆయన బాగా మాట్లాడుతున్నాడు కానీ బాప్తిస్మమిచ్చే యోహాను ఇచ్చిన బాప్తిస్మం వరకే తెలుసు, ప్రిస్కిల్ల అకుల అందరి ముందూ తప్పు పట్టకుండా చేర్చుకుని వివరంగా చెప్పారు. తర్వాత కొరింథులో జనం నేను పౌలువాడిని నేను అపొల్లోవాడిని అని పార్టీలు కట్టారు. పౌలు ఏమన్నాడు, నేను నాటాను, అపొల్లో నీళ్ళు పోశాడు, పెంచింది దేవుడు అన్నాడు, పైగా మీ దగ్గరికి వెళ్ళమని అపొల్లోని చాలా బతిమాలానని అదే పత్రిక చివర రాశాడు. మన దగ్గర సంఘాలు చీలిపోయిన ప్రతిసారీ నాకు ఆ వచనం చదివించాలనిపిస్తుంది. అంకుల్ కిటికీ పక్కన కూర్చుని పౌలు తిమోతికి రాసిన రెండో పత్రిక చివరి అధ్యాయం వెతికి నాకు చూపించారు, జైల్లో, చావు దగ్గర్లో ఉన్నానని రాసిన పత్రికలో కూడా ప్రిస్కిల్ల, అకులకి వందనాలు చెప్పమన్నాడు. డేరా కుట్టిన స్నేహం అప్పటిదాకా ఉంది.

టూర్ బుక్ చేసుకునేవాళ్ళకి ఒక్క విషయం. చాలా ప్యాకేజీల్లో కొరింథు అంటే కాలువ దగ్గర ఫోటోలు, శిథిలాల్లో గంటో గంటన్నరో, భోజనం, అంతే. కెంక్రేయ లిస్టులో ఉందో లేదో డబ్బులు కట్టకముందే అడగండి, లేకపోతే కలపమనండి, దూరం పెద్దగా లేదు. పాత కొరింథులో నీడ తక్కువ, టోపీ, నీళ్ళు ఉంచుకోండి, పెద్దవాళ్ళుంటే పొద్దున్నే వెళ్ళండి. ఒడ్డున ఎవరిచేతైనా రోమా 16 చదివించండి, పేర్లు పలకడం కష్టమైనా ఒక్కటీ వదలకుండా.