ఇంకోటి తీద్దాం అత్తా

పదకొండు దాటింది, నిద్ర రావడం లేదు. ఒక బొమ్మ ముక్క గురించి ఇంత ఆలోచన ఎందుకని అడిగి, ఈయన దుప్పటి కప్పుకొని పడుకున్నారు. అందుకే ఇక్కడ రాసుకోవడానికి వచ్చాను.

పొద్దున బాగానే గడిచింది. శాకంబరీ ఉత్సవాల చివరి రోజని వదిన, నేను, మా మేనకోడలు చిన్నది భద్రకాళి గుడికి వెళ్లాం. నిలువెల్లా కూరగాయలతో, ఆకుకూరలతో ఉన్న అమ్మవారిని చూస్తూ చిన్నది కదల్లేదు. వెనక వరుస వాళ్లు నెట్టేదాకా అక్కడే నిలబడింది. చెరువు గట్టు మీద చల్లటి గాలి. పగలంతా అదే రాద్దామని అనుకున్నాను.

సాయంత్రం చిన్నది టారో పెట్టె తీసింది, జోస్యం చెప్పుకునే బొమ్మల ముక్కలు. సెలవులు కాకపోయినా మంగళవారం ఊడిపడింది కదా, వచ్చేటప్పుడు హైదరాబాదు నుంచి తెచ్చుకుంది. మొత్తం 78 ముక్కలు. మనసులో ఏదైనా అనుకుని ఒకటి తియ్యి అత్తా అంది. తీశాను. నేల మీద బోర్లా పడిన మనిషి, వీపు పొడవునా పది కత్తులు, పైన నల్లటి ఆకాశం. చిన్నది ముఖం మారింది. చటుక్కున నా చేతిలోంచి లాగి కట్టలో కలిపేసి, "ఇది లెక్కలోకి రాదు, ఇంకోటి తీద్దాం అత్తా" అంది. వంటింట్లోంచి వదిన, "దీపాలు పెట్టే వేళ ఆ కత్తుల బొమ్మలేమిటి?" అంది. రెండోసారి తెల్ల గుర్రం మీద పసివాడు, వెనక నిండు సూర్యుడు వచ్చారు. ఇద్దరూ హమ్మయ్య అన్నారు. నేనూ నవ్వాను.

ఆ నవ్వు తలచుకుంటే ఇప్పుడు ఒళ్లు మండుతోంది. జాతకాలన్నా, ముక్కలన్నా నాకు నమ్మకం లేదని మీకు తెలుసు. బొమ్మ చూసి భయపడలేదు కూడా. నాకు వచ్చినదాన్ని నన్ను చూడనివ్వకుండా లాక్కుని, బదులుగా తీపిది చేతిలో పెట్టారే, అది. చెడ్డ కబురు నాకు ఎప్పుడూ ఇలాగే చేరింది. పెద్దమ్మ పోయిన సంగతి నా పరీక్షలన్నీ అయ్యాక చెప్పారు. అన్న దుకాణం అప్పుల్లో ఉందని తాళం పడిన రోజు దాకా నాకు తెలియదు. అడిగితే ఒకటే జవాబు, నువ్వు తట్టుకోలేవని. నేను తట్టుకోలేనని ఎవరు తేల్చారు? ఎప్పుడు తేల్చారు?

ఎప్పుడో నాకు తెలుసు. 1996 వేసవిలో.

మా ఇంట్లో పేక అంటే ఆడుకునే ముక్కలు కావు. పడుగు, పేక, నేతలో నిలువు పోగులు, అడ్డం పోగులు. వరంగల్ కొత్తవాడ ఇంట్లో ముందు గదంతా బాపు మగ్గమే. గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చుని, రంగు నూలును పడుగులోకి వేళ్లతో దూర్చి, ఇనుప పంజాతో కొట్టి దగ్గరికి చేర్చేవారు. జంపఖానా వేలెడు వేలెడు చొప్పున పెరిగేది. ఆ చప్పుడు లేకపోతే నాకు చదువు ఎక్కేది కాదు. ఆ వేసవి నన్ను హుజూరాబాద్‌లో చిన్నమ్మ ఇంటికి పంపారు, మామిడిపళ్లు తిని రమ్మని. పది రోజులు. తిరిగి వచ్చేసరికి ముందు గది ఖాళీ. గుంట పూడ్చి పైన సిమెంటు చేశారు. తడి ఇంకా పూర్తిగా ఆరలేదు, ఒక మూల పిల్లి అడుగులు. మగ్గం ఏదని అడిగితే, మరమ్మతుకు పోయిందని అమ్మ చెప్పింది. 15 ఏళ్ల పిల్లకు! మగ్గం ఎక్కడికీ పోదని, బాగుచేసేవాడే ఇంటికి వస్తాడని పుట్టినప్పటి నుంచీ చూస్తున్న పిల్లకు! నేను మళ్లీ అడగలేదు. బాపు రాత్రి కాపలా పనికి కుదిరారు. ఆ సిమెంటు మీద కాలు పెట్టకుండా గోడ వెంట నడిచేవారు, అన్న టైల్స్ వేయించే దాకా. వరంగల్ జంపఖానాలకు భౌగోళిక గుర్తింపు వచ్చిందని 2018లో పేపరులో చదివిన రోజు, చూపించడానికి ఆయన లేరు.

రేపు చిన్నదాన్ని కూర్చోబెట్టి నాలుగు మాటలు అనాలనే ఇదంతా మొదలుపెట్టాను. లేచి వెళ్లి పెట్టెలో వెతికి ఆ ముక్క తెచ్చుకున్నాను. నల్లటి ఆకాశం కింద పసుపు పచ్చని వెలుగు చార, కదలని నీళ్లు, అవతల కొండలు. ఫోనులో చూస్తే అందరూ ఆ చారనే పట్టుకున్నారు, ప్రతి ముగింపూ కొత్త ఆరంభమట. వీపులో పది కత్తులున్న మనిషితో తెల్లవారింది లెమ్మనడం కూడా ఇంకోటి తీద్దామనడమే. 1909లో లండన్‌లో ఈ కట్ట తెచ్చిన వెయిట్ అనే రచయిత నయం. నొప్పి, కన్నీళ్లు, దుఃఖం అని నేరుగా రాశాడు, ఇది ప్రత్యేకించి హింసాత్మక మరణానికి గుర్తు కాదనీ రాశాడు. ముక్క తలకిందులుగా పడితే లాభం, విజయం అన్నాడు కానీ, ఏదీ నిలిచేది కాదని పక్కనే చెప్పాడు. బొమ్మలు గీసింది పమేలా కోల్‌మన్ స్మిత్. చాలా పెద్ద పని, చాలా కొద్ది డబ్బు అని స్టీగ్లిట్జ్ అనే ఫొటోగ్రాఫర్‌కు ఉత్తరం రాసుకుంది. కట్ట మాత్రం ఏళ్లపాటు ప్రచురణకర్త పేరుతో, వెయిట్ పేరుతో చెలామణి అయింది. ఆమెకు మిగిలింది బొమ్మ మూలన చిన్న సంతకం గుర్తు. జంపఖానా మీద అదీ ఉండదు.

చూస్తూ ఉంటే ఇంకో సంగతి తట్టింది. బొమ్మలో పొడిచినవాడు లేడు, పక్కన కూర్చున్నవాళ్లూ లేరు. మగ్గం పోయిన ఆ రోజు బాపు పక్కన ఎవరున్నారు? ఇన్నేళ్లలో నేను అడగనే లేదు. అన్నకు నైట్ డ్యూటీ కాబట్టి ఫోను చేశాను.

అన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పాడు. మగ్గం మీద సగం నేసిన జంపఖానా ఉందట. కొన్నవాళ్లు తొందరపెట్టినా బాపు ఒప్పుకోలేదట. వారం రోజులు కూర్చుని అంచు దాకా నేసి, పడుగు తన చేత్తోనే కోశారట. "బిడ్డ ఇంట్లో ఉంటే నా చేయి ఆడదు, అది వచ్చేలోపే కావాలన్నాడు" అన్నాడు అన్న.

అయితే ఆ పది రోజులు నా కోసం కావు. ఆయన చేయి ఆడడం కోసం. అమ్మ చెప్పిన మరమ్మతు మాటను మాత్రం ఇప్పటికీ క్షమించలేను. బాపు మీద ఇన్నేళ్లు మోసిన కోపాన్ని ఎక్కడ పెట్టాలో తెలియడం లేదు.

ఇంకొకటి. సాయంత్రం ఆ ముక్క పడగానే చిన్నది నా వైపు చూడలేదు. ముఖం మారింది ముక్కను చూసి. నన్ను చూసింది ఆ తర్వాత. మంగళవారం ఎందుకు వచ్చిందో ఇవాళ్టికీ చెప్పలేదు, నేనూ అడగలేదు, సరదాగా వచ్చిందిలే అనుకున్నాను. అన్నం కూడా రెండు ముద్దలు కెలికి లేచిపోయింది.

పై గదిలో ఇంకా లైటు వెలుగుతోంది. పాలు వేడి చేసి తీసుకెళ్తున్నాను. ముక్క కూడా.