27కి రెట్టింపు 54 అనుకున్న రోజు

ఫ్రెండ్స్, ఈఏపీసెట్ మొదటిసారి రాసినప్పుడు వాయువుల చాప్టర్‌ని తేలికని పక్కన పెట్టేశాను. చార్లెస్ నియమం అంటే వి1/టి1 = వి2/టి2 (వి అంటే ఘనపరిమాణం, టి అంటే ఉష్ణోగ్రత), ఇంతే కదా అనుకున్నాను.

గ్రాండ్ టెస్ట్‌లో ఒక ప్రశ్న వచ్చింది. పీడనం మారకుండా, 27 డిగ్రీల సెల్సియస్ దగ్గరున్న వాయువు ఘనపరిమాణం రెట్టింపు కావాలంటే ఎంతకి వేడి చేయాలి? ఆప్షన్లలో 54 కనబడగానే పెట్టేశాను. జవాబు 327. ఫార్ములా వచ్చి కూడా తప్పు చేశానని ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మర్నాడు గ్రాఫ్ గీసుకున్నాను. 0 డిగ్రీల దగ్గర 273 మి.లీ. వాయువు తీసుకుంటే డిగ్రీకి 1 మి.లీ. చొప్పున పెరుగుతుంది. 27 దగ్గర 300, 100 దగ్గర 373. గీతను వెనక్కి పొడిగిస్తే మైనస్ 273 దగ్గర సున్నాని తాకుతుంది (నిజమైన వాయువైతే ఆలోపే ద్రవమైపోతుంది). సెల్సియస్ సున్నా నీరు గడ్డకట్టే చోటు, వాయువుకి దానితో పనేముంది? దాని లెక్క మైనస్ 273 నుంచి మొదలు. అలా లెక్కిస్తే 27 అంటే 300, దానికి రెట్టింపు 600, అందులో 273 తీసేస్తే 327. అప్పటి నుంచి ప్రశ్న చదువుతూనే ఉష్ణోగ్రత పక్కన కెల్విన్ (సెల్సియస్‌కి 273 కలిపితే వచ్చేది) రాసుకుంటున్నాను.

నన్ను ఎక్కువ రోజులు ఇబ్బంది పెట్టింది మూతలేని ఫ్లాస్కు లెక్క. 27 నుంచి 477కి వేడి చేస్తే ఎంత గాలి బయటికి పోతుంది? ఫ్లాస్కు సైజు మారదు కదా, ఇక్కడ చార్లెస్ ఎలా వస్తాడని టెన్షన్ పడేవాడిని. ఫ్లాస్కుని వదిలి గాలిని చూడండి. 300 భాగాల గాలి 750 భాగాలవుతుంది. ఫ్లాస్కులో పట్టేది 300, మిగతా 450 బయటికి పోతాయి. ఆ 450ని 300తో కాదు, 750తో భాగించాలి. అంటే 5లో 3 వంతులు.

నియమాల పేర్ల దగ్గర కూడా చాలామంది తడబడతారు. పీడనం స్థిరంగా ఉంటే చార్లెస్, ఘనపరిమాణం స్థిరంగా ఉంటే గే-లుసాక్. 1783లో హైడ్రోజన్ బెలూన్‌లో పైకి ఎగిరిన శాస్త్రవేత్తే ఈ చార్లెస్. బెలూన్ అనగానే ఉబ్బడం గుర్తొస్తుంది కాబట్టి నాకు మళ్లీ పొరపాటు రాలేదు. ఆయన 1787 నాటి ప్రయోగాల్ని ప్రచురించలేదు. 1802లో గే-లుసాక్ తన ఫలితాలు ప్రచురిస్తూ ఆ గౌరవం చార్లెస్‌కే ఇచ్చాడు.

ఇప్పుడే పెన్ను తీసి ఇది చేయండి. మైనస్ 73 డిగ్రీల దగ్గర 1 లీటరున్న వాయువు అదే పీడనంలో 127కి చేరితే ఎంతవుతుంది? ముందు సెల్సియస్‌లోనే వేసి చూడండి, ఘనపరిమాణం మైనస్‌లో వస్తుంది. తర్వాత 200, 400 వేయండి.