గోడకుర్చీ

కొత్త సైకిలు నిన్న మధ్యాహ్నం ఇంటికి చేరింది. చేతులకు గొలుసు నూనె జిడ్డు ఇంకా పోలేదు. విశాఖపట్నంలో జరిగిన అవమానం అసలే పోలేదు. వారం ఆగితే ఆ షాపు కుర్రాడిని క్షమించేస్తానేమో, అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

మాది కోరాపుట్ జిల్లా సిమిలిగుడ. మా నాన్నగారు సాలూరు నుంచి ఘాటు ఎక్కి వచ్చి ఇక్కడ బియ్యం కొట్టు పెట్టారు. మాకు ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా, కుందులి సంతలో దేశియా. నేను లెక్కల ట్యూషన్లు చెబుతాను. వయసు 51. పద్నాలుగేళ్లుగా ఒక్కటే గేర్ల సైకిలు: 26 అంగుళాల చక్రాలు, ముందు మూడు పళ్ల చక్రాలు, వెనక ఏడు. దాని మీద దేవమాలి ఎక్కాను. ఒడిశాలో అన్నిటికంటే ఎత్తైన కొండ అది, 1,672 మీటర్లు. కారులో వెళ్లి ఫొటో దిగి వచ్చినవాళ్లు కూడా ఎక్కామనే చెప్పుకుంటారు గనుక, నేను తొక్కి ఎక్కానని విడిగా చెప్పవలసి వస్తోంది.

ఈ వర్షాలు వెలిశాక సైకిలు తుడుస్తుంటే సీటు గొట్టం అతుకు దగ్గర వెంట్రుకలాంటి చీలిక కనిపించింది. వెల్డింగు కొట్టాయన గోరుతో గీకి చూసి, "ఇది అల్యూమినియం మాస్టారూ, నా దగ్గర అవదు. ఎవరైనా అతికిచ్చినా ఘాటు దిగకండి" అన్నాడు. రావలసిన డబ్బు వదులుకొని నిజం చెప్పినవాడు. ఆ తర్వాత అలాంటివాడు కనిపించడానికి చాలా రోజులు పట్టింది.

ఇంట్లో అనుమతి ఒక్క పూటలో దొరికింది. "మోకాళ్ల డాక్టరు కంటే చవకే కదా" అంది మా ఆవిడ. విశాఖపట్నం బస్సు గురించి చెప్పడానికేమీ లేదు. ఘాటులో ఎప్పటిలాగే ఎవరో వాంతి చేసుకున్నారు.

మొదటి షాపు పెద్దది. అద్దాల తలుపులు, ఏసీ, గోడకు మేకపోతుల్లా వేలాడుతున్న సైకిళ్లు. కుర్రాడు నా చెప్పులు చూసి, "ఎవరికి అంకుల్, బాబుకా?" అన్నాడు. నాకే అన్నాను. "బడ్జెట్?" అన్నాడు. చెప్పాను. అప్పుడు చూపు చెప్పుల మీది నుంచి ముఖం మీదికి వచ్చింది.

ధర చీటీ పాతది. సైకిళ్ల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం కాదు, 5 శాతం. అంటే పన్నుతో 112 రూపాయలు పడే వస్తువు 105కు రావాలి. ఆ మాట అడిగితే, "కంపెనీ రేటు మారింది సార్, లెక్క అంతా ఒకటే" అన్నాడు. 112, 105 ఒకటేనని లెక్కల మాస్టారుకే చెబుతున్నాడు! అక్కడే లేచి వచ్చేయవలసింది. రాలేదు, ఎందుకంటే అప్పటికే ఆకుపచ్చ రంగు సైకిలు ఒకటి నా కంట్లో పడింది. 29 అంగుళాల చక్రాలు, మనిషి భుజాల కంటే వెడల్పైన హ్యాండిలు, వెనక పన్నెండు గేర్లు, ముందు ఒక్కటే పళ్ల చక్రం.

తొక్కి చూస్తానంటే ఆధార్ కార్డు తీసుకున్నాడు, ఫోనూ తీసుకున్నాడు. "వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ దాకా వెళ్లి వచ్చేయండి" అన్నాడు. లక్ష రూపాయల వస్తువుకు నూట యాభై మీటర్ల పరీక్ష. మా ఇంటికి కొబ్బరికాయ కొనేటప్పుడు మా ఆవిడ ఇంతకంటే ఎక్కువసేపు ఊపి చూస్తుంది.

ఆ వీధి చివర కొంచెం ఎత్తు ఉంది. పాత సైకిలులో ఎత్తు వస్తే ఎడమ బొటనవేలితో మీట నొక్కాలి, ముందు గొలుసు చిన్న పళ్ల చక్రం మీదికి పడుతుంది. పద్నాలుగేళ్లుగా ఆ పని నేను చేయడం లేదు, వేలే చేస్తోంది. ఇక్కడా చేసింది. మీట మెత్తగా లోపలికి పోయింది. మరుక్షణం నా కింద సీటు కుంగిపోయింది.

విరిగిందనుకున్నాను. విరగలేదు. బెత్తెడు కిందికి దిగి ఆగింది. మోకాళ్లు ఛాతీ దగ్గరికి వచ్చాయి. కంగారులో మళ్లీ నొక్కాను, ఇంకో రెండు వేళ్లు దిగింది. ఎన్నిసార్లు నొక్కినా దిగడమే తప్ప లేవడం లేదు. ఆ భంగిమలోనే టీ కొట్టు ముందు నుంచి తొక్కాను. ఇంటిపని చేయని పిల్లలతో నేను వేయించే గోడకుర్చీ అది, ఒక్క గోడే తక్కువ. బెంచీ మీద మాటలు ఆగిపోయాయి. స్కూటరు మీద తల్లి ముందు నిలబడ్డ పిల్లవాడు, "అమ్మా, ఆ తాత సీటు లోపలికి వెళ్లిపోయింది" అన్నాడు. తాత అన్నందుకు కూడా నాకు బాధ కలగలేదు, లోపలికి అనే మాట ఎంత సరిగ్గా వాడాడో అనిపించింది.

దిగి రెండు చేతులతో సీటు పట్టుకొని పైకి లాగాను. కదలలేదు. టీ కొట్టులోంచి ఒకాయన వచ్చి సాయం పట్టాడు. ఇద్దరం కలిసి లాగాం, ఆయన సీటు ముక్కు పట్టుకొని, నేను వెనక పట్టుకొని, గడ్డపార పెరుకుతున్నట్టు. చివరికి నెట్టుకుంటూ షాపుకు వచ్చాను. కుర్రాడు తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు, అంతా చూస్తూనే ఉన్నాడు. ఒక్క మాట మాట్లాడకుండా ఒక్క వేలితో ఎడమ మీట నొక్కాడు. టక్కుమని సీటు మొత్తం పైకి లేచింది. "డ్రాపర్ అంకుల్" అన్నాడు. తర్వాత, ఎంతో మర్యాదగా, "మీకు సిటీ సైకిల్ చూపించనా? ముందు బుట్ట కూడా వస్తుంది" అన్నాడు.

ఆ బుట్ట మాట నా గుండెల్లో ఇంకా ఉంది.

డ్రాపర్ అంటే సీటు కింద ఎత్తు తగ్గించే గొట్టం, కొండ సైకిళ్లకు ఇప్పుడు మామూలైపోయింది. మీట నొక్కి బరువు వేసి కూర్చుంటే దిగుతుంది. లేవాలంటే దాని మీద నుంచి లేచి, అప్పుడు నొక్కాలి. నేను కూర్చునే నొక్కాను గనుక దిగింది, చేతులతో లాగినప్పుడు మీట నొక్కలేదు గనుక కదలలేదు. ముందు ఒకే పళ్ల చక్రం గనుక ఎడమ వైపు గేరు మీట అక్కర్లేదు, ఆ ఖాళీ చోట దీన్ని పెట్టారు. ఇదంతా రెండు వాక్యాలు. సైకిలు చేతికిచ్చేటప్పుడు చెప్పడానికి అర నిమిషం పట్టదు. ఆధార్ కార్డు ఫొటో తీయడానికి రెండు నిమిషాలు పట్టింది. తెలియనివాడికి చెప్పకుండా వదిలి, పడ్డాక నవ్వడం చదువు చెప్పేవాళ్లలో కూడా ఉంది, నాకు తెలుసు. అది ఉన్నచోట పిల్లవాడికి లెక్క రాదు, షాపుకు బేరం రాదు.

రెండో షాపు యజమాని పెద్దమనిషి. టీ తెప్పించాడు. "29 మీ ఎత్తుకు పెద్దదవుతుంది, 26 పాతబడింది, 27.5 అయితే సరిగ్గా మధ్యలో ఉంటుంది" అన్నాడు. టైరు కూర్చునే చోట రిమ్ము వ్యాసం 26కు 559 మిల్లీమీటర్లు, 27.5కు 584, 29కు 622. మధ్యలోదని చెప్పేది చిన్నదానికి 25 దూరంలో, పెద్దదానికి 38 దూరంలో ఉంది. అయినా టీ ఇచ్చినవాడితో వాదం ఎందుకని ఊరుకున్నాను. వీధిలో తొక్కితే మాత్రం ప్రాణం లేచి వచ్చింది. అచ్చం నా పాత సైకిలు. వేలితో తోస్తే తిరిగింది. ఆకుపచ్చది అలా కాదు, ముందు చక్రం ఎక్కడో దూరంగా ఉండి, మెల్లగా వెళితే మొండిదూడలా అటూ ఇటూ ఒరిగింది. ఇదే నాది అనుకొని అడ్వాన్సు ఇవ్వడానికి డబ్బు బయటికి తీశాను.

ఇచ్చేముందు నా పాత శిష్యుడికి ఫోను చేశాను. సునాబెడలో విమాన ఇంజన్ల కర్మాగారంలో పని చేస్తాడు, అతనికి 29 సైకిలు ఉందని విన్నాను. "ముందు ఫోర్కులో గాలా, స్ప్రింగా అడగండి మాస్టారూ" అన్నాడు. ఫోర్కు అంటే ముందు చక్రాన్ని రెండు వైపులా పట్టుకొని, కుదుపుకు కుంగి లేచే భాగం. అడిగాను. "ఏదైనా ఒకటేనండీ" అన్నాడు యజమాని. ఒకే రోజు రెండోసారి విన్నాను ఆ మాట. డబ్బు జేబులో పెట్టుకొని బస్సెక్కాను. ఎవరికైనా సలహా ఇవ్వాలంటే ఇదే ఇస్తాను: అంతా ఒకటే అన్నవాడి దగ్గర ఏదీ కొనకండి.

ఆదివారం శిష్యుడు సైకిలు తెచ్చాడు. పదో తరగతిలో నా చేత ఎక్కువసార్లు గోడకుర్చీ వేయించుకున్నవాడు వీడే. ఎక్కబోతే ఆపాడు. "ఇది నా బరువుకు కట్టింది మాస్టారూ, నేను తొంభై కిలోలు, మీరు?" అరవై ఎనిమిది. ఫోర్కు కాలి మీద ఒక రబ్బరు వలయం ఉంది. దాన్ని కిందికి తోసి, నన్ను కూర్చోబెట్టి, మెల్లగా దిగమని, వలయం ఎంత జరిగిందో స్కేలు పెట్టి చూశాడు. తొమ్మిది మిల్లీమీటర్లు. 120 మిల్లీమీటర్లు కుంగగల ఫోర్కు మనిషి బరువుకే దాదాపు అయిదో వంతు, అంటే 24, కుంగాలట. చిన్న పిన్నుతో గాలి వదులుతూ నాలుగుసార్లు కొలిచాడు. టైర్లలో కూడా గాలి తగ్గించాడు, ముందు 22 పీఎస్ఐ, వెనక 25. ట్యూబు లేని టైర్లు గనుక అంత తక్కువ చాలునట. నేను పాతదానికి బొటనవేలు దిగకుండా కొట్టించేవాణ్ణి. ఇంత కొలత చూశాక, షాపుల్లో వేరేవాళ్ల బరువుకు కట్టిన సైకిలు ఎక్కి ఇది బాగుంది, అది బాగాలేదు అని తీర్పులు చెప్పిన నా తెలివికి సిగ్గేసింది.

దేవమాలి అడుగున అల్లం తోటలు దాటాక ఒక ఎర్రమట్టి ఎక్కుడు ఉంది. వాన నీళ్లు నడిమికి కోసేశాయి, మలుపులో గులకరాళ్లు. అటూ ఇటూ వలిసె పూలు పచ్చగా. పద్నాలుగేళ్లలో ఆ మలుపును కాలు దింపకుండా దాటింది లేదు. వీధిలో మొండిగా అనిపించిన అదే రకం సైకిలు ఇక్కడ పట్టాలెక్కినట్టు పోయింది. దూరంగా ఉన్న ముందు చక్రం రాయికి తగిలి కూడా దారి తప్పలేదు. సీటు గొట్టం నిటారుగా ఉండడంతో నా బరువు పెడళ్ల మీదే నిలిచింది, ముందు చక్రం గాలిలోకి లేవలేదు. గేరు సంగతి నేనే లెక్క వేశాను. పాతదానికి ముందు 28 పళ్లు, వెనక 28, పెడలు ఒక చుట్టు తిరిగితే రెండు మీటర్ల పైచిలుకు. దీనికి ముందు 32, వెనక 51, చక్రం పెద్దదైనా చుట్టుకు మీటరున్నర లోపే. మలుపు దాటాను. కాలు దింపలేదు. పైన అల్లం తవ్వుతున్న ఒకామె తలెత్తి చూసి మళ్లీ తన పనిలో పడింది. చప్పట్లు కొడుతుందని నేనేమీ అనుకోలేదు, అయినా కాస్త ఆగి చూశాను.

దిగేటప్పుడు శిష్యుడు నోరు విప్పాడు. "సీటు దించేయండి. పెడళ్లు సమంగా పెట్టండి, మోకాళ్లు వంచండి, నడుము వెనక్కి. గోడకుర్చీయే మాస్టారూ, గోడ లేదంతే."

వాడికి నేను విశాఖపట్నం సంగతి చెప్పలేదు. అయినా వాడి ముఖం చూస్తే పదేళ్లుగా ఈ మాట దాచుకున్నట్టే ఉంది. దించాను. సీటు అడ్డం లేకపోయేసరికి ఒళ్లు వెనక్కి వెళ్లింది, బ్రేకుకు ఒక్క వేలు చాలింది, నేను ఎప్పుడూ దిగి నడిపించే చోట కూడా తొక్కుతూనే దిగాను.

మిగతాది తొందరగా చెప్పేస్తాను. మూడో షాపు చిన్నది, డిపాజిట్టు తీసుకొని ఒక పూట సైకిలు ఇచ్చాడు. ఊరి బయట ఎర్రమట్టి గుట్ట మీద మీడియం, లార్జ్ రెండూ తొక్కి మీడియం తీసుకున్నాను. గాలి ఫోర్కు, డ్రాపర్ ఉన్నదే. జీఎస్టీ 5 శాతమే వేశాడు. కొత్త డిస్కు బ్రేకులు మొదట సరిగ్గా పట్టవు, ఓ ఇరవైసార్లు వేగం మీద నొక్కి నొక్కి అరగదీయాలని చెప్పింది కూడా అతనే. ముందు బ్రేకు ఎడమ చేతికి ఉంటే కుడికి మార్పించుకోండి, నేను మార్పించాను. బస్సు కండక్టరు సైకిలు పెట్టిన డబ్బా పైన వేయడానికి సైకిలుకు ఒక టిక్కెట్టు, డబ్బాకు ఒక టిక్కెట్టు అడిగాడు. ఆ గొడవ ఇంకోసారి రాస్తాను.

నిన్న సాయంత్రం బజారులోకి తీసుకెళ్లాను. పోస్టాఫీసు దగ్గర ఎత్తు వచ్చింది. ఎడమ బొటనవేలు తన పని తాను చేసింది. సీటు దిగిపోయింది. ఎదురుగా నా ట్యూషన్ పిల్లలు నలుగురు, పానీపూరీ బండి దగ్గర. లేచి పెడళ్ల మీద నిలబడి మళ్లీ నొక్కాను. టక్కుమని వచ్చింది. "మాస్టారూ, ఇంకోసారి చేయండి" అన్నారు. నాలుగుసార్లు చేశాను.