స్టాక్ వి-క్రాస్ ఎంత లాగుతుంది, ఎంత వంగుతుంది: లిఫ్ట్ కిట్ కొనకముందు తీసుకున్న కొలతలు

పికప్ కొన్న ప్రతివాడికీ మొదటి నెలలోనే ఒక సలహా ఉచితంగా దొరుకుతుంది: "రెండించులు లేపించు, పెద్ద టైర్లు వేయించు, అప్పుడు చూడు." చూడ్డానికి నాకూ అభ్యంతరం లేదు. కాకపోతే లేపకముందు బండి ఎంత చేస్తుందో తెలియకపోతే, లేపాక ఏం పెరిగిందో ఎలా తెలుస్తుంది? అందుకే ఈ వేసవి నుంచి వానల దాకా బండిని ఫ్యాక్టరీ నుంచి వచ్చింది వచ్చినట్టే ఉంచి కొలుస్తున్నాను. ఇప్పటిదాకా తేలిన లెక్కలు ఇవి.

బండి ఇసుజు డి-మ్యాక్స్ వి-క్రాస్ జెడ్ ప్రెస్టీజ్, ఆటోమేటిక్. మన శ్రీసిటీలో తయారైనదే. 1.9 లీటర్ల డీజిల్, 163 హార్స్‌పవర్, 360 న్యూటన్ మీటర్ల టార్క్. వీల్‌బేస్ 3095 మిల్లీమీటర్లు, నేల నుంచి ఎత్తు 225. టైర్లు 255/60 ఆర్18, రోడ్డు పట్టీవే, అంటే పైగాడులు తారు రోడ్డుకి తగ్గవి. ముందు డబుల్ విష్‌బోన్ మీద కాయిల్ స్ప్రింగులు, వెనక కమాన్ పట్టాలు. ఫోర్ వీల్ డ్రైవ్ నాబ్‌తో మారుతుంది: టూ హై (వెనక రెండు చక్రాలే తోస్తాయి), ఫోర్ హై (నాలుగూ తోస్తాయి), ఫోర్ లో (నాలుగూ, చిన్న గేరులో నిదానంగా). వెనక డిఫరెన్షియల్‌కి, అంటే రెండు వైపుల చక్రాల్నీ వేర్వేరు వేగంతో తిరగనిచ్చే గేర్లకి, లాక్ లేదు. చక్రం గాల్లో తిరిగితే దాన్ని బ్రేకుతో పట్టుకునే ట్రాక్షన్ కంట్రోల్ ఉంది.

ఏప్రిల్: వేబ్రిడ్జి, టేపు

అన్నిటికన్నా ముందు బరువు. గుంటూరు అవతల ఒక వేబ్రిడ్జి మీద మూడుసార్లు తూయించాను: మొత్తం బండి, ముందు చక్రాలు మాత్రమే, వెనక చక్రాలు మాత్రమే. నేను కూర్చుని, సగం ట్యాంకు డీజిల్‌తో మొత్తం 2040 కిలోలు. ముందు 1150, వెనక 890. ఈ రెండో అంకె గుర్తుంచుకోండి, చాలా కథ దాని చుట్టూనే తిరుగుతుంది. ఖాళీ పికప్ వెనక తేలిగ్గా ఉంటుంది, కానీ టూ హైలో తోసేవి ఆ వెనక చక్రాలే.

తర్వాత టైరు అచ్చు. ముగ్గుపిండి నీళ్లలో కలిపి టైరుకి పూసి, జాకీ మీద నుంచి అట్టముక్క మీదికి దించితే నేలను ఎంత మేర తాకుతోందో అచ్చు పడుతుంది. ముందు టైరులో 32 (పీఎస్ఐ) గాలి ఉన్నప్పుడు అచ్చు పొడవు 19 సెంటీమీటర్లు. 18కి దించితే 26. వెడల్పు పెద్దగా మారలేదు. గాలి దించితే టైరు అడ్డంగా పరుచుకుంటుందని అందరూ అనుకుంటారు గానీ అసలు పెరిగేది నిడివి. ఇసుకలో పనికొచ్చేది కూడా అదే. ఈ లాభం ఊరికే రాదు. 18 గాలిలో వెనక డిఫరెన్షియల్ హౌసింగ్ కింద ఎత్తు దాదాపు రెండు సెంటీమీటర్లు తగ్గింది.

మే: ర్యాంపు

సస్పెన్షన్ ఎంత వంగుతుందో కొలవడానికి ఒక పాత పద్ధతి ఉంది. 20 డిగ్రీల వాలు ర్యాంపు మీదికి ఒక్క ముందు చక్రాన్నే ఎక్కిస్తూ పోతారు. వేరే ఏ చక్రమైనా నేల వదిలే క్షణంలో ఆపి, ర్యాంపు మీద ఎంత దూరం ఎక్కిందో కొలిచి, దాన్ని వీల్‌బేస్‌తో భాగించి వెయ్యితో గుణిస్తారు. ఆ వచ్చేదే స్కోరు.

ర్యాంపు మా వెల్డింగ్ షాపులో చేయించాను. పొడవు రెండు మీటర్లు, ఎత్తు 68 సెంటీమీటర్లు, కింద సి-ఛానల్, పైన గళ్ల రేకు. "ఇది ఎక్కి ఎక్కడికి పోతావన్నా?" అని అడిగాడు షాపు కుర్రాడు. ఎక్కడికీ పోను, సగంలోనే ఆగుతాను అంటే వాడికి అర్థం కాలేదు, పాపం.

చక్రం లేచిందో లేదో కంటితో తేల్చడం కష్టం. వెనక టైరు కింద పేపరు పెట్టి ఒకరు దాన్ని మెల్లగా లాగుతూ ఉండాలి. చిరగకుండా జారి వచ్చిందంటే ఆ చక్రం మీద బరువు పోయినట్టే. బండి పక్కన కాకుండా వెనక నిలబడి, పేపరుకి తాడు కట్టి లాగించండి.

ఖాళీ బండి 1400 మిల్లీమీటర్లు ఎక్కాక ఎడమ వెనక చక్రం తేలింది. స్కోరు 452. ముందు యాంటీ రోల్ బార్ (మలుపులో బండి ఒరగకుండా పట్టే కడ్డీ) లింకులు విప్పితే 1460, అంటే 472. లింకులు బిగించేసి, వెనక నాలుగు సిమెంటు బస్తాలు వేసి ఎక్కిస్తే 1490, అంటే 481. లింకులూ విప్పి బస్తాలూ వేస్తే 1540, స్కోరు 498.

ఈ వరసే నాకు ఆశ్చర్యంగా అనిపించింది. స్పానర్ పట్టుకుని గంటసేపు కిందపడి చేసిన పని కంటే 200 కిలోల సిమెంటు ఎక్కువ ఇచ్చింది. కారణం సులువే. కమాన్ పట్టాలు మోత కోసం పుట్టినవి, ఖాళీగా ఉంటే బిర్రుగా ఉంటాయి. బరువు పడితే ఆ వెనక చక్రం నేలను ఇంకాసేపు అంటిపెట్టుకుంటుంది. ముందు వైపు వ్యవహారం వేరు. టేపుతో చూస్తే ముందు చక్రం పైకీ కిందికీ కలిపి 17 సెంటీమీటర్లు కదులుతోంది, వెనకది 24. ఇండిపెండెంట్ సస్పెన్షన్‌లో, అంటే ఒక్కో చక్రం విడిగా కదిలేదాంట్లో, ఆర్మ్‌ల పొడవే హద్దు. లిఫ్ట్ స్పేసర్ (స్ప్రింగు మీద పెట్టే దిమ్మ) వేస్తే బండి పైకి లేస్తుంది గానీ ఆ 17 పెరగదు. పైగా పైకి లేపిన మేరకు చక్రం కిందికి దిగే చోటు తగ్గుతుంది. లిఫ్ట్ అమ్మేవాళ్లు చెప్పని మాట ఇది.

లింకులు విప్పి రోడ్డెక్కకండి. మలుపులో బండి ఒరుగుతుంది. బిగించి, టార్క్ చూసుకున్నాకే ఇల్లు చేరాలి.

మే చివర: ఇసుక, పత్తి కాటా

ఇసుక అనగానే సూర్యలంక అంటారు. సముద్రపు ఒడ్డున నేను తిప్పను. అది ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టే తీరం. వేటపాలెం వైపు తెలిసినవాళ్లకి సరుగుడు తోట ఉంది. చెట్లు కొట్టేశాక మిగిలిన ఖాళీలో చీలమండ లోతు పొడి ఇసుక. పరీక్షకి అంతకన్నా ఏం కావాలి.

పట్టుని అంకెల్లో చూడాలంటే లాగించి చూడాలి. ఊళ్లో పత్తి తూచే వేలాడే డిజిటల్ కాటా ఒకటి, మూడు టన్నులది, అద్దెకి తెచ్చాను. బండి వెనక ఛాసిస్ హుక్కుకి సాగని బెల్టు, మధ్యలో కాటా, అటు చివర ట్రాక్టరు. ట్రాక్టరు గొర్రు నేలలోకి దించి బ్రేకు వేయించాను.

"ఏందబ్బాయ్, దీంతో నా ట్రాక్టర్ని లాగుతావా?" అన్నాడు తోట బాబాయి.

"లాగను బాబాయ్, నువ్వు కదలకుండా కూచుంటే చాలు."

"అదా! ఆ పనికైతే డీజిలు కూడా అక్కర్లా."

ముందు జాగ్రత్తలు కొన్ని. బెల్టు బిగుసుకున్నాకే యాక్సిలరేటర్ తొక్కాలి, ఊపుతో జర్కు ఇవ్వకూడదు. బెల్టు మీద తడి గోనెసంచులు వేయాలి, తెగితే కొరడాలా లేవకుండా. బెల్టు వరసలో మనిషన్నవాడు ఉండకూడదు, కాటా అంకెని పక్కనుంచి ఫోన్ వీడియోలో చదువుకోవాలి. ఇక టో బాల్‌కి (ట్రైలర్ తగిలించే గుండుకి) బెల్టు ఎప్పుడూ తగిలించొద్దు.

ముందు తోట బయట గట్టి గ్రావెల్ మీద: టూ హై 470 కిలోలు, ఫోర్ హై 1050, ఫోర్ లో 1060. చివరి రెండూ దాదాపు ఒకటే కావడం చూడండి. ఫోర్ లోలో బండికి బలం పెరుగుతుంది నిజమే, కానీ పట్టు పెరగదు. అక్కడ జారేది టైరు, ఇంజిన్ కాదు. ఫోర్ లో ఇచ్చేది నిదానం. బ్రేకు మీద కాలు పెట్టకుండా నడక వేగంతో దిగొచ్చు, గేర్‌బాక్స్ వేడెక్కదు.

ఇసుకలో ఫోర్ హై, ట్రాక్షన్ కంట్రోల్ ఆపేసి: గాలి 32 ఉంటే 210 కిలోలు. 24కి దించితే 380. 18కి 560. 15కి 590. అంటే 32 నుంచి 18కి వచ్చేసరికి లాగే శక్తి రెండున్నర రెట్లు పైనే. పైసా ఖర్చు లేదు. ఈ అంకెని బండి బరువుతో భాగిస్తే ఎంత వాలు ఎక్కగలదో కూడా వస్తుంది. 210 అంటే దాదాపు ఆరు డిగ్రీలు, 560 అంటే పదహారు. మొదటిదాంతో తోట గట్టు కూడా ఎక్కలేదు, రెండోదాంతో ఆగకుండా ఎక్కింది.

15కి దిగడం నాకు నచ్చలేదు. 30 కిలోల లాభం కోసం మలుపులో టైరు రిమ్ము వదిలే ప్రమాదం. 60 ప్రొఫైల్ టైరుకి పక్క గోడ పొట్టిగా ఉంటుంది. 18 చాలు, అదీ గంటకి 30 కిలోమీటర్లు దాటకుండా. తిరిగి 32కి నింపడానికి నా 12 వోల్టుల కంప్రెసర్ టైరుకి నాలుగైదు నిమిషాలు తీసుకుంటోంది. మధ్యలో దాన్ని కాస్త చల్లారనివ్వాలి.

సిమెంటు బస్తాలతో మళ్లీ లాగించాను. గ్రావెల్ మీద టూ హై 470 నుంచి 590కి పెరిగింది. ఇసుకలో మాత్రం 560 కాస్తా 550 అయింది. గట్టి నేల మీద వెనక బరువు పట్టునిస్తే, మెత్తటి ఇసుకలో కూరుకుపోవడం దాన్ని మింగేస్తుంది. ఘాట్ మట్టి దారికి బస్తాలు, ఇసుకకి ఖాళీ బండి.

ట్రాక్షన్ కంట్రోల్ ఇసుకలో ఎందుకు ఆపాలంటే, చక్రం కాస్త తిరగగానే అది ఇంజిన్ని కోసేస్తుంది. ఊపు పోయిందంటే ఇసుకలో పని అయిపోయినట్టే. దిగబడితే ఇంకా తొక్కకండి. పారతో టైర్ల వెనక ఇసుక తీసి, తాటిమట్టలు అడ్డంగా పరిచి, వచ్చిన దారినే వెనక్కి రండి.

జూన్: గోతులు

తోట పక్క ఎర్రమట్టి దిబ్బలో ఎదురెదురు మూలల్లో రెండు గోతులు తవ్వించాను, ముందు కుడి చక్రం ఒకదానిలో, వెనక ఎడమది ఇంకోదానిలో వేలాడేలా. డిఫరెన్షియల్ లాక్ లేని బండికి అసలు పరీక్ష ఇదే. వేలాడే చక్రం తిరుగుతుంది, నేల మీదున్నది ఊరుకుంటుంది.

ట్రాక్షన్ కంట్రోల్ ఆపేస్తే బండి ఒక్క అంగుళం కదల్లేదు. ఆన్ చేసి మెల్లగా తొక్కినా కదల్లేదు. ఫోర్ హైలో ఆన్ చేసి, యాక్సిలరేటర్ని సుమారు 2000 ఆర్‌పీఎం దగ్గర నిలకడగా పట్టుకుంటే మూడు నాలుగు సెకన్లు టకటకమని బ్రేకులు పట్టి వదిలాయి, తర్వాత బండి దానంతటదే బయటికొచ్చింది. చాలామంది ఆ టకటక వినగానే భయపడి కాలు తీసేస్తారు. తీస్తే మళ్లీ మొదటికే. బ్రేకుకి తగినంత చక్రం తిరగాలి, అప్పుడే రెండోవైపుకి శక్తి మళ్లుతుంది. వరసగా చేస్తూ పోతే బ్రేకు మాడిన వాసన వస్తుంది, కాసేపు ఆపాలి.

పొడి తారు మీద ఫోర్ హై వేయకూడదన్న సంగతి కూడా చెప్పేస్తాను. మధ్యలో డిఫరెన్షియల్ లేదు కాబట్టి మలుపులో ముందూ వెనకా చక్రాలు వేర్వేరు వేగంతో తిరగాలనుకుని ఒకదాన్నొకటి మెలిపెడతాయి. టూ హైకి తిప్పినా దీపం ఆరకపోతే కొన్ని గజాలు తిన్నగా వెనక్కి తీస్తే వదులుతుంది. ఫోర్ లోకి మాత్రం బండి పూర్తిగా ఆపి, న్యూట్రల్‌లో పెట్టి నాబ్ తిప్పాలి.

కాలవ కట్ట మీద అలలు పడ్డ గ్రావెల్ దారిలో షాకబ్జార్బర్ల వేడి కూడా చూశాను. గంటకి 40 వేగంతో ఆరు కిలోమీటర్లు నడిపి వేడి కొలిచే గన్‌తో చూస్తే ముందువి 58 డిగ్రీలు, వెనకవి 71. ఖాళీ బండి వెనక చిందులు తొక్కుతుంది, ఆ పని మొత్తం వెనక షాకుల మీద పడుతుంది. గాలి 26కి దించి అదే దారిలో మళ్లీ వస్తే వెనకవి 63. చిందులు పూర్తిగా పోలేదు గానీ స్టీరింగ్ నా మాట వింది.

జులై: రేగడి

ప్రత్తిపాడు వైపు నల్లరేగడి డొంక, వాన పడ్డ మర్నాడు. ఇక్కడ రాయడానికి ఎక్కువ లేదు. రోడ్డు టైరు గాడులు ఇరవై గజాల్లో మట్టితో పూడుకుపోయి నున్నగా అయిపోయాయి. గాలి దించితే ఇంకాస్త మట్టి పట్టింది, అంతే. కాటా తగిలించే ధైర్యం కూడా చేయలేదు. రేగడి తడిస్తే ఉబ్బి అంటుకునే బంకమట్టి. ఇలాంటి బురదకి ట్రాక్టరు కేజ్ వీల్స్ (ఇనప పట్టీల చక్రాలు) ఊరికే కనిపెట్టలేదు.

డబ్బు ఎటు పెట్టాలన్నది దీంతో నాకు తేలిపోయింది. ఈ బండికి తక్కువైంది స్ప్రింగులు కాదు, టైరు పట్టీ. లిఫ్ట్ సంగతి పక్కన పెట్టేశాను. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, తయారీదారు ఇచ్చిన అసలు వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదని 2019లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. నాకది రెండో కారణం మాత్రమే, మొదటి కారణం ఆ 17 సెంటీమీటర్లే. అదే 255/60 ఆర్18 సైజులో ఆల్ టెర్రైన్ టైర్లు, అంటే రోడ్డుకీ మట్టికీ రెండిటికీ పనికొచ్చేవి, చూస్తున్నాను. అవి రాగానే అదే తోటలో, అదే కాటాతో, 32, 24, 18 గాలి మీద మళ్లీ లాగిస్తాను. ఇసుకలో పెద్ద తేడా వస్తుందని అనుకోవడం లేదు, గోతుల దగ్గర కొంచెం రావచ్చు. రేగడికి మాత్రం వాన వెలిసిన మూడో రోజు వెళ్తాను. మొదటి రెండు రోజులు అక్కడికి ఏ టైరు తీసుకెళ్లినా ట్రాక్టరు బాబాయికి ఫోన్ చేయాల్సిందే.