సపోర్టెడ్ లిక్విడ్ మెంబ్రేన్ నాకు ఎలా అర్థమైందంటే

సీఎస్‌ఐఆర్ నెట్ పరీక్షలో కెమికల్ సైన్సెస్ రాస్తున్న ఫ్రెండ్స్ కోసం ఇది. సెపరేషన్ మెథడ్స్ అనగానే క్రొమటోగ్రఫీ చదివేసి మిగతావి వదిలేస్తాం. నేనూ అంతే. సపోర్టెడ్ లిక్విడ్ మెంబ్రేన్ కూడా డయాలసిస్ లాంటిదేనని, రంధ్రాల సైజును బట్టి అణువులు వేరవుతాయని నోట్స్‌లో రాసుకున్నాను. అది తప్పు.

ఎమ్మెస్సీ ప్రాజెక్టులో సన్నటి రంధ్రాలున్న తెల్లటి పీటీఎఫ్‌ఈ (టెఫ్లాన్ ప్లాస్టిక్) పొరను పట్టకారుతో ఆక్టనాల్‌లో ముంచాను. చూస్తుండగానే తెలుపు పోయి, నూనె అంటిన కాగితంలా అయింది. రంధ్రాల నిండా ద్రవమే. అసలు మెంబ్రేన్ ఆ ద్రవం! ప్లాస్టిక్ పని దాన్ని జారిపోకుండా పట్టుకోవడమే.

ఇక బెంజోయిక్ ఆమ్లం తీసుకోండి. పీకేఏ 4.2, అంటే ఆ పీహెచ్ దగ్గర సగం అణువులు అయాన్లుగా ఉంటాయి. పొరకు రెండువైపులా నీళ్ళే. నమూనా ఉండే డోనర్ వైపు పీహెచ్ 2.2 పెడితే 100 అణువుల్లో 99 చార్జ్ లేకుండా ఉంటాయి, ఆక్టనాల్‌లోకి దూరిపోతాయి. అవతల, అణువులు చేరే యాక్సెప్టర్ వైపు పీహెచ్ 7.5 అయితే వెంటనే అయాన్లవుతాయి. అయాన్ తిరిగి ఆక్టనాల్‌లోకి రాలేదు. మరి రెండువైపులా గాఢత సమానం కాగానే ఆగిపోదా? నన్ను చాలా రోజులు వేధించిన ప్రశ్న ఇది. ఆగదు. పొరను దాటేది చార్జ్ లేని రూపమే కాబట్టి లెక్కలోకి వచ్చేది దాని గాఢతే. అది యాక్సెప్టర్‌లో 2000కి ఒకటి మాత్రమే.

అమీన్లకు ఇదంతా తలకిందులు: డోనర్ క్షారం, యాక్సెప్టర్ ఆమ్లం. 1986లో స్వీడన్‌లోని లుండ్‌లో అవుడున్సన్ ఈ పద్ధతితో నమూనాలను శుద్ధి చేసింది అమీన్ల కోసమే. లోహ అయాన్లకు చార్జ్ పోదు కాబట్టి వాటిని పొరలో మోసుకెళ్ళే క్యారియర్ కావాలి. డీ2ఈహెచ్‌పీఏ అనే ఆమ్ల క్యారియర్ అయితే ప్రోటాన్ ఇచ్చి లోహాన్ని తీసుకుంటుంది, అవతల ఆమ్లంలో లోహాన్ని వదిలి ప్రోటాన్ తెచ్చుకుంటుంది.

లెక్కల్లో ఒక జాగ్రత్త. డోనర్ 100 మి.లీ., యాక్సెప్టర్ 1 మి.లీ., రికవరీ 60 శాతం. ఎన్‌రిచ్‌మెంట్, అంటే గాఢత పెరిగింది, 60 రెట్లు. మాక్ టెస్టులో టెన్షన్‌లో రికవరీ మర్చిపోయి 100 పెట్టేశాను. పార్ట్ సీలో ఆ తప్పుకి 4 మార్కులు రావు, ఇంకొకటి పోతుంది.

ఇప్పుడు పుస్తకం మూసి అనిలీన్‌కి బొమ్మ గీయండి. దాని కాంజుగేట్ ఆమ్లం పీకేఏ 4.6. డోనర్ పీహెచ్ కనీసం ఎంత పెడతారు?