ఒకే ట్యూబు, రెండు గాఢతలు

నేను శుద్ధి చేసిన ప్రోటీన్ చిన్నది, 15 కిలోడాల్టన్లు. దాని అమైనో ఆమ్లాల్లో ట్రిప్టోఫాన్ ఒక్కటే, టైరోసిన్లు నాలుగు, డైసల్ఫైడ్ బంధాలు లేవు. అదే ట్యూబును బ్రాడ్‌ఫర్డ్‌తో, అంటే ప్రోటీన్‌కు అంటుకుని రంగు మారే అద్దకంతో కొలిస్తే మిల్లీలీటరుకు 2.9 మిల్లీగ్రాములు వచ్చింది, ట్రిప్టోఫాన్, టైరోసిన్ పీల్చుకునే 280 నానోమీటర్ల అతినీలలోహిత కాంతి దగ్గర చూస్తే 2.16. గాఢతే తేలకపోతే బైండింగ్ లెక్కలకు అర్థం లేదని అన్నీ ఆపేశాను.

"బ్రాడ్‌ఫర్డ్ రంగు ముఖ్యంగా ఆర్జినిన్లకు అంటుకుంటుంది. నీ ప్రోటీన్ నిండా అవే, పోల్చేదేమో బీఎస్ఏ అనే ప్రామాణిక ప్రోటీన్‌తో. అలాగని 280 లెక్క కూడా సీక్వెన్స్ ఇచ్చిన అంచనాయే, ట్రిప్టోఫాన్ విలువ 5500కి టైరోసిన్లవి నాలుగు 1490లు కలిపితే 11,460. ఒకసారి నువ్వే కొలువమ్మా" అంది మా ల్యాబ్‌లో సీనియర్ అక్క.

ఎడెల్‌హాక్ 1967లో చూపిన దారి పట్టాను. 6 మోలార్ గ్వానిడీన్ హైడ్రోక్లోరైడ్‌లో ప్రోటీన్ మడతలన్నీ విప్పేస్తే, ఎక్స్‌టింక్షన్ కోఎఫిషియెంట్‌ను, అంటే ప్రోటీన్ ఎంత కాంతి పీల్చుకుంటుందో చెప్పే అంకెను, అమైనో ఆమ్లాల విలువలు కూడి చెప్పొచ్చు. 1989లో గిల్, వాన్ హిప్పెల్ వాడిన అంకెలు ట్రిప్టోఫాన్‌కు 5690, టైరోసిన్‌కు 1280. నా ప్రోటీన్‌కు 10,810. ఇక అంతే ప్రోటీన్‌ను మామూలు బఫర్‌లోనూ కలిపి, రెండు రీడింగుల నిష్పత్తితో దీన్ని గుణించాలి.

ముందు డయాలసిస్‌తో, అంటే చిన్న అణువులు పొర గుండా బయటి బఫర్‌లోకి పోయే పద్ధతితో, శుద్ధిలో మిగిలిన ఇమిడజోల్ అనే రసాయనాన్ని వదిలించి, ఆ బయటి బఫర్‌నే బ్లాంక్‌కు, అంటే ప్రోటీన్ లేని పోలిక నమూనాకు వాడాను. 8 మోలార్ గ్వానిడీన్ 750 మైక్రోలీటర్లకు ప్రోటీన్ 250. మొదటి రోజు మూడుసార్లు చేస్తే 280 దగ్గర రీడింగులు 0.35, 0.39, 0.36! క్వార్ట్జ్ క్యువెట్‌ను వెలుతురుకు ఎత్తి చూశాను. లోపల తీగలు తీగలుగా కదులుతోంది, పాకంలో నీళ్లు పోసినట్టు. అసలు కలవనే లేదు. పైగా చిక్కటి గ్వానిడీన్ టిప్పు గోడకు అంటుకుని ప్రతిసారీ కొంత మిగిలిపోతోంది. మర్నాడు పిపెట్‌ను నమ్మకుండా తూకం వేసి పోశాను, ట్యూబును పదిసార్లు తలకిందులు చేశాను. ప్రోటీన్ కాంతి పీల్చుకోని 320 దగ్గర కనిపిస్తున్న 0.02 మసక, సెంట్రిఫ్యూజ్ తిప్పాక దాదాపు పోయింది.

ముందు గుడ్డు తెల్లసొన లైసోజైమ్‌తో చెయ్యి సరిచూసుకున్నాను. మిల్లీలీటరుకు ఒక మిల్లీగ్రాము ఉంటే రీడింగు 2.64 రావాలి, నాకు 2.61 వచ్చింది. ఎంత ధైర్యం వచ్చిందో!

నా ప్రోటీన్‌కు బఫర్‌లో 0.412, గ్వానిడీన్‌లో 0.374. కోఎఫిషియెంట్ సుమారు 11,900, సీక్వెన్స్ అంచనా 11,460కు నాలుగు శాతం పైన. గాఢత 2.08. ఆ సాయంత్రమే ఫ్రీజర్‌లోని ట్యూబులన్నిటి మీదా 2.9 కొట్టేసి 2.08 రాశాను.