ఈ గేరు ఇక్కడ ఏం చేస్తోంది?

స్టీమ్‌పంక్ డ్రెస్సులు చేసి అమ్మడం నా పని, అంటే ఆవిరి యంత్రాల కాలాన్ని ఊహించుకుని, అందులో తామొక పాత్రగా ఉన్నట్టు జనం వేడుకల్లో వేసుకునేవి. నాకు వచ్చిన మొదటి ఆర్డర్ ఒక టోపీ. పొడవాటి నల్ల టాప్ హ్యాట్, చుట్టూ తోలు పట్టీ, దాని మీద చిన్నవీ పెద్దవీ కలిపి పదకొండు ఇత్తడి గేర్లు. రాత్రి రెండు దాకా కూర్చుని గ్లూ గన్‌తో ఒక్కొక్కటే అతికించాను. ఫొటోల్లో చాలా బాగా వచ్చింది, పార్సిల్ కట్టి పంపేటప్పుడు ఎంత గర్వంగా అనిపించిందో ఇప్పటికీ గుర్తే. పది రోజుల తర్వాత దాన్ని కొన్నావిడ దగ్గర్నుంచి మెసేజ్. టోపీని ఎండలో నిలిపిన కారులో మధ్యాహ్నమంతా ఉంచారట, జిగురు మెత్తబడి గేర్లు జారిపోయాయట, నాలుగు సీటు కింద దొరికాయట. గ్లూ గన్ జిగురు వేడికి కరిగి అంటుకునే రకం కాబట్టి మళ్లీ వేడి తగిలితే మళ్లీ మెత్తబడుతుంది. ఆ సంగతి నాకు తెలుసు, అయినా ఆ రాత్రి దాని గురించి ఆలోచించలేదు.

డబ్బు వెనక్కి ఇస్తానన్నాను, ఆవిడ వద్దన్నారు, టోపీ బాగుచేసి ఇస్తే చాలన్నారు. ఈసారి తోలుకి రంధ్రాలు చేసి రివెట్లు కొడుతూ, ఏ గేరు ఎక్కడ పెట్టాలో చూపిద్దామని ఫొటో పంపితే ఆవిడ అడిగిన మాట ఇది: "ఇంతకీ ఈ గేర్లు ఏం చేస్తాయండీ?"

నా దగ్గర జవాబు లేదు. అందంగా ఉంటాయని పెట్టాను, అంతే. ఆ ప్రశ్న నన్ను చాలా రోజులు వదల్లేదు. ఇవాళ నా చిన్న వ్యాపారం నడుస్తోందంటే ఆ ప్రశ్న మీదే నడుస్తోంది, అందుకే ఇది రాస్తున్నాను. ఈ పనిలోకి రావాలనుకుంటున్నామని ఈమధ్య కొందరు అడుగుతున్నారు, వాళ్లకి కూడా నేను ముందుగా చెప్పేది దీని గురించే.

స్టీమ్‌పంక్ అన్న పేరు 1987లో పుట్టింది. విక్టోరియా రాణి కాలం నేపథ్యంగా తానూ తన మిత్రులూ రాస్తున్న కథల్ని ఏమని పిలవాలా అని కె.డబ్ల్యూ. జీటర్ అనే రచయిత 'లోకస్' అనే సైన్స్ ఫిక్షన్ పత్రికకి రాసిన ఉత్తరంలో ఈ మాట వాడాడు. పెట్రోలూ ఎలక్ట్రానిక్సూ రాకుండా, బొగ్గూ ఆవిరీ ఇత్తడీతోనే లోకం ఇంకా ముందుకెళ్లి ఉంటే ఎలా ఉండేదన్నది అసలు ఊహ. ఆ లోకంలో యంత్రం డబ్బా లోపల దాక్కోదు. గొట్టం, మీట, పళ్లచక్రం, అన్నీ బయటికే కనిపిస్తాయి, ఏది దేన్ని తిప్పుతోందో కంటితో చూసి చెప్పొచ్చు. మనకి ఈ శైలి మీద ఇంత ఇష్టం కలగడానికి కారణం అదేనని నా నమ్మకం. అలాంటి లోకంలోని మనిషి ఒంటి మీద ఏ పనీ చేయని గేరు ఉంటే, చూసేవాళ్లకి కారణం తెలియకపోయినా ఏదో తేడాగా అనిపిస్తుంది.

కాబట్టి ఇప్పుడు ఎవరు ఆర్డర్ ఇచ్చినా కొలతలకంటే ముందు నేను అడిగేది "మీ పాత్ర ఏం పని చేస్తుంది?" అని. చాలామంది "ఎయిర్‌షిప్ కెప్టెన్" అంటారు, అంటే గాలిలో తేలే ఓడకి కెప్టెన్. సరే, కెప్టెన్ అవకముందు ఏం చేసేవారు? చలిలో నిలబడతారా, బాయిలర్ పక్కనా? కుడిచేత్తో ఏం పట్టుకుంటారు? ఇలా ఓ అరగంట మాట్లాడితే డ్రెస్సు సగం తయారైనట్టే. బాయిలర్‌లో బొగ్గు వేసే మనిషైతే చేతులకి మోచేయి దాకా తోలు, ఏప్రన్ ముందు భాగం మాడిన రంగు, గాగుల్స్ చుట్టూ మసి. పటాలు గీసే మనిషైతే గాగుల్స్ అక్కర్లేదు, సిరా అంటకుండా మణికట్టు మీద విడిగా తొడుక్కునే గుడ్డ తొడుగులు, వీపున పటాలు చుట్టి పెట్టుకునే గొట్టం, ఎడమవైపు కంపాస్ పట్టేంత జేబు. గాగుల్స్ లేకపోతే స్టీమ్‌పంక్ ఎలా అవుతుందని ఒకాయన టెన్షన్ పడ్డారు. డ్రెస్ వేసుకుని నిలబడ్డాక ఆయన ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

రంగు గురించి ఒక మాట చెప్పాలి, ఇది నాకు చాలా ఇష్టమైన విషయం. స్టీమ్‌పంక్ అంటే గోధుమరంగు అని అందరూ అనుకుంటారు. కానీ 1856లో విలియం హెన్రీ పెర్కిన్ అనే పద్దెనిమిదేళ్ల కుర్రాడు మలేరియా మందు క్వినైన్ తయారు చేయబోతే అది రాలేదు, ఊదా రంగు వచ్చింది. అతను మొదలుపెట్టింది తారు నుంచి తీసిన పదార్థంతో. ఆ తారు బొగ్గు నుంచి గ్యాస్ తీసే ఫ్యాక్టరీల్లో మిగిలిపోయే చెత్త. అంటే ఆ ఊదా బొగ్గులోంచి పుట్టిన రంగు! కొన్నేళ్లలోనే జనం ఆ రంగు కోసం ఎగబడ్డారు. ఉక్కు తీగల పంజరం లాంటి క్రినోలిన్ లంగాకి పేటెంట్ వచ్చింది కూడా అదే 1856లో. అంతకుముందు లంగా గుండ్రంగా నిలవాలంటే ఒకదాని మీద ఒకటి ఎన్నో పొరలు తొడుక్కోవాల్సి వచ్చేది, ఈ పంజరం వచ్చాక బరువు తగ్గింది. బట్టల్లోకి ఇంజనీరింగ్ వచ్చిందంటే ఇదీ. ఇవన్నీ చదివాక నేను గోధుమరంగు గుడ్డ కొనడం బాగా తగ్గించాను. ఊదా, ముదురు ఆకుపచ్చ, మాసిన ఎరుపు పెట్టి వాటి పక్కన ఇత్తడి పెడితే, ఇత్తడి ఇత్తడిలా మెరుస్తుంది. గోధుమరంగు మీద గోధుమరంగు పెడితే అంతా ఒక ముద్దలా కనిపిస్తుంది.

ఇక చేతిపని. పెద్ద భాగాలన్నీ నేను ఈవీఏ ఫోమ్ అనే తేలికైన స్పాంజి లాంటి షీటుతోనే చేస్తాను. అసలు ఇత్తడి రేకుతో భుజకవచం చేస్తే సాయంత్రానికి మెడ పట్టేస్తుంది. ఫోమ్‌ని కోసి, హీట్ గన్‌తో వేడి చేస్తే పైనున్న సన్న రంధ్రాలు మూసుకుపోయి నున్నగా అవుతుంది, ఆ వేడి మీదే వంచితే ఆ వంపులోనే నిలుస్తుంది. అతికించడానికి కాంటాక్ట్ సిమెంట్, రెండువైపులా పూసి, వేలికి అంటనంత ఆరేదాకా ఆగి, అప్పుడు కలపాలి. ఆగలేక ముందే కలిపేవాళ్ల అతుకులు ఊడిపోతాయి. తర్వాత ఫోమ్‌తో పాటు వంగే ప్రైమర్, దాని మీద నలుపు, నలుపు మీద దాదాపు ఆరిపోయిన బ్రష్‌తో ఇత్తడి రంగు తాకీ తాకనట్టు. అసలైన కష్టం దీని తర్వాతే, వాడిన వస్తువులా కనిపించేలా చేయడం. దానికి నేను పాత తలుపుల గడియలు చూసి నేర్చుకున్నాను. చెయ్యి తగిలే చోట మెరుపు, తగలని మూలల్లో నలుపు, స్క్రూ చుట్టూ కొంచెం ఆకుపచ్చ చిలుము. మురికి ఎక్కడపడితే అక్కడ పట్టదు, దానికీ కారణం ఉండాలి. మళ్లీ అదే ప్రశ్న!

కార్సెట్, అంటే నడుం బిగించే గట్టి తొడుగు, మాత్రం వేరే చదువు. ప్లాస్టిక్ పుల్లలు పెడితే ఒంటి వేడికి వంగి ఆ వంపులోనే ఉండిపోతాయి, అందుకని ఉక్కువే వాడతాను, ముందూ వెనకా చదునువి, పక్కలకి స్ప్రింగులా అల్లినవి ఎందుకంటే అవి అన్నివైపులా వంగుతాయి. ముందు పాత గుడ్డతో నమూనా కుట్టి, వేసుకున్న మనిషిని పది నిమిషాలు కుర్చీలో కూర్చోమంటాను. నిలబడ్డప్పుడు తీసిన నడుం కొలత కూర్చున్నప్పుడు ఉండదు. రోజంతా కార్యక్రమంలో ఉండేవాళ్లు ఎప్పుడో ఒకప్పుడు కూర్చుంటారు కదా.

జాగ్రత్తలు కూడా చెప్పాలి, ఈ విషయంలో నేను ఖచ్చితంగా ఉంటాను. రెక్సిన్ లాంటి పీవీసీ గుడ్డని లేజర్‌తో కోయకూడదు, హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది, ఊపిరితిత్తులకీ మిషన్‌కీ రెండింటికీ చెరుపు. పాత గడియారాల భాగాలు వాడేవాళ్లు చీకట్లో మెరిసేలా చేసిన డయళ్లనీ ముళ్లనీ ముట్టుకోవద్దు. ఇరవయ్యో శతాబ్దం మొదట్నుంచి 1960ల దాకా చేసినవైతే ఆ పూతలో రేడియం ఉండొచ్చు. ఇప్పుడు మెరవకపోయినా రేడియం అలాగే ఉంటుంది, అందులో సగం తగ్గడానికే సుమారు 1600 ఏళ్లు పడుతుంది. ఆ పూతని గీకితే పొడి ఊపిరిలోకి పోతుంది. ఇక చర్మానికి తగిలే బకిల్స్, ఐలెట్లు నికెల్ లేనివే కొనండి, నికెల్‌కి దద్దుర్లు వచ్చేవాళ్లు చాలామందే ఉంటారు.

డబ్బు విషయానికొస్తే, మొదటి ఏడాది నాకేమీ మిగల్లేదు. మెటీరియల్ ఖర్చుకి మూడు రెట్లు ధర పెట్టమని ఎవరో చెబితే అదే పాటించాను. ఆ లెక్క మన పనికి పనికిరాదు. ఫోమ్ చవక, గంటలు ఎక్కువ. మంచి తోలు ఖరీదు, గంటలు తక్కువ. ఆ లెక్కన పోతే ఎక్కువ కష్టపడ్డ వస్తువుకే తక్కువ డబ్బు వస్తుంది. ఒక చేతి కవచానికి నాలుగు గంటలు పడుతుందనుకునేదాన్ని. ఒకసారి గడియారం పెట్టుకుని అన్నీ రాసుకున్నాను, మెసేజ్‌లు, గుడ్డ కోసం తిరగడం, ఫొటోలు, ప్యాకింగ్ అన్నీ కలిపి పదకొండు గంటలు తేలింది. ఆ రోజు చాలా బాధేసింది. ఇప్పుడు మెటీరియల్, నా గంటలు, మిషన్ అరుగుదలకీ పాడయ్యే ముక్కలకీ కొంత, దాని మీద లాభం, ఇలా విడివిడిగా వేసి ధర చెబుతాను. సగం అడ్వాన్స్ రాకుండా కత్తెర పట్టను. నమూనా దశలో రెండు మార్పులు ఉచితం, ఆ తర్వాతవాటికి గంటల లెక్క. మొహమాటపడి ఇది చెప్పకపోతే చివర్లో ఇద్దరికీ మనస్పర్థలే.

అన్నీ పెద్ద ఆర్డర్లే తీసుకుంటే నెలంతా ఒకే కోటు మీద పోతుంది, అది ఆలస్యమైతే ఇల్లు గడవదు. అందుకే నెలకి ఒకటే పెద్దది ఒప్పుకుంటాను, మిగతా రోజులు చిన్నవి చేస్తాను, మణికట్టు పట్టీలు, జేబు సంచులు, నడుం బెల్టులు. బెల్టుకి ముందే 'D' ఆకారపు రింగులు పెట్టి ఉంచుతాను, కొన్నవాళ్లు తర్వాత ఒక సంచి, ఇంకోసారి గొట్టం, మరోసారి పనిముట్ల ఒర కొని దానికే తగిలించుకుంటారు. పాత్ర పెరిగేకొద్దీ డ్రెస్ కూడా పెరుగుతుంది, నా దగ్గరికి మళ్లీ మళ్లీ వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఇలా వచ్చినవాళ్లే.

సినిమా పాత్రల డ్రెస్సులు మాత్రం కుట్టి అమ్మను. వాటి మీద హక్కులు వేరేవాళ్లవి. స్టీమ్‌పంక్ ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాదు, మన పాత్రని మనమే పుట్టించుకోవచ్చు, చిన్న వ్యాపారానికి ఇంతకంటే స్వేచ్ఛ ఎక్కడ దొరుకుతుంది? ఇంగ్లండ్‌లోని లింకన్‌లో ఏటా జరిగే స్టీమ్‌పంక్ పండగ ఫొటోలు చూడండి, న్యూజిలాండ్‌లో పంతొమ్మిదో శతాబ్దపు సున్నపురాయి భవనాల మధ్య ఒమారూ ఊరు జరుపుకునేది చూడండి, వందలమందిలో ఇద్దరు ఒకేలా కనిపించరు. ఇలాంటి కార్యక్రమాల తేదీలు నా క్యాలెండర్‌లో ఎర్ర పెన్నుతో ఉంటాయి, రెండు మూడు నెలల ముందు నుంచే ఆర్డర్లు మొదలవుతాయి కాబట్టి.

ఇప్పుడు బల్ల మీద ఉన్నది తుఫానుల్ని కొలిచే పాత్ర కోసం ఒకావిడ అడిగిన కోటు. ఊదా రంగు ఉన్ని, మోకాళ్ల దాకా. ఎడమ భుజం మీద వాతావరణ పీడనం చూపే డయల్ కావాలన్నారు, బొమ్మది కాదు, నిజంగా పనిచేసేది. అనెరాయిడ్ బారోమీటర్ అయితే లోపల పాదరసం ఉండదు, గాలి తీసేసిన రేకు డబ్బీ ఉబ్బడం, నొక్కుకోవడం ముల్లుని కదిలిస్తుంది. 1844లోనే పేటెంట్ పొందిన పద్ధతి, కాబట్టి పాత్ర కాలానికీ సరిపోయింది. చిన్నది దొరికింది కానీ దాని బరువుకి భుజం కుట్టు కిందికి లాగేస్తోంది. లైనింగ్ లోపల ఒక తోలు పట్టీ వేసి ఆ బరువుని నడుం బెల్టు మీదికి దింపాను. నిన్న రాత్రి వర్షానికి ముందు టైలర్ బొమ్మకి కోటు తొడిగి చూస్తే ముల్లు కొద్దిగా ఎడమకి జరిగింది, నేను అలాగే నిలబడి చూస్తూ ఉండిపోయాను. ఎల్లుండి ఆవిడ రెండో ట్రయల్‌కి వస్తారు, ఈలోగా కుడి భుజానికి ఎత్తు సరిచేయాలి.